కాల్చని ఇటుక

పొద్దున బకెట్ నీళ్లలో వేసిన ఇటుక కోసం కోడలు చెయ్యి పెడితే, చేతికి బురద వచ్చింది.

"నవ్వాలనుంటే నవ్వేయండి మామయ్యా," అంది, గట్టు మీద కూర్చున్న ఆయన వైపు చూడకుండానే.

పొగ భరించలేక చుట్టుపక్కలవాళ్లు గోల పెడితే, మామగారు ఇటుకబట్టీ మూసేసి ఏడాదైంది. మళ్లీ ఆ ఆవరణలో అడుగు పెట్టడం ఇవాళే. మట్టిలో సున్నం కలిపి, మిషనుతో నొక్కి, కాల్చకుండానే ఇటుకలు చేస్తానని కోడలు ఉన్న ఉద్యోగం మానేసింది. వచ్చే నెల బడి హెడ్మాస్టరమ్మ చూడటానికి వస్తుంది. ఆవిడకు నచ్చితే రెండు తరగతి గదులు వీటితోనే కడతారు.

ఆయన నవ్వలేదు. లేచి వచ్చి, ఆ బురదను అరచేతుల మధ్య తాడులా పేనాడు. అది తెగకుండా జానెడు సాగింది.

"జిగురు ఎక్కువైంది. ఇసుక బాగా పడాలి."

"కాల్చనిది అసలు ఇటుకే కాదన్నారుగా?"

"అన్నాను." ఆయన చేతిలోని మట్టినే చూస్తున్నాడు. "కాల్చడం ఆఖరి వారం పని అమ్మాయ్. అంతకుముందు నెలంతా మట్టితోనే కుస్తీ. బట్టీ మూసేస్తే ఈ చేతులకిక పని లేదనుకున్నాను."

ఆయన బెంగ బట్టీ మీదేనని ఏడాదిగా పొరబడుతూ వచ్చింది కోడలు.

"ఇసుక ఎంత పొయ్యమంటారు?" అంది మెల్లగా.

"నోటితో చెబితే తెలిసేది కాదు." ఆయన పంచె ఎగ్గట్టి మట్టిలోకి దిగాడు. "చెప్పులు విప్పి రా."