చాప మీద తనిఖీ

తనిఖీకి వచ్చినావిడ చాప పరచుకుని పిల్లల మధ్య పడుకుంది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ కొయ్యబారిపోయింది.

ఆ పిల్లల సంరక్షణ కేంద్రాన్ని నడిపేది పెద్దమ్మే. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున్నే దింపి సాయంత్రం తీసుకువెళ్లే పసివాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్లకూ, వాళ్ల తల్లులకూ కూడా ఆమె పెద్దమ్మే. భర్త పోయాక, నా అన్నవాళ్లెవరూ లేని ఆమెకు ఆ రెండు గదులే లోకం. ఆఖరి పిల్ల చెయ్యూపి వెళ్లిపోయాక, మళ్లీ తెల్లవారేదాకా ఆమెను పలకరించే ప్రాణి ఉండదు.

మూడేళ్లకోసారి తనిఖీ. మార్కులు తగ్గితే గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే తలుపులకు తాళమే.

అందుకే వారం రోజులుగా ఆమె కాలు ఒకచోట నిలవలేదు. గోడలకు సున్నం వేయించింది. రిజిస్టర్లకు కొత్త అట్టలు వేసింది. ఆయా చేత ఉతికిన చీర కట్టించింది.

వచ్చినావిడేమో వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు. రిజిస్టర్లు ముందు పెడితే తర్వాత చూద్దామంది. వంటగది చూపిస్తానంటే తలూపి ఊరుకుంది. యాభై దాటిన మనిషి, నలిగిన నూలు చీర. నోట్లో నాలుక లేనట్టు ఓ మూల పిల్లల పీట మీద కూర్చుంది.

ఒక గడుగ్గాయి ఆవిడ ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నువ్వు ఎవరి అమ్మవి?"

"ఎవరి అమ్మనీ కాదు నాన్నా."

"మరెందుకొచ్చావు?"

ఆవిడ వాడి చొక్కాకు ఊడిన గుండీ పెట్టింది.

భోజనాలై పిల్లల్ని పడుకోబెట్టే వేళకు తనకూ ఒక చాప ఇమ్మని అడిగింది. అలా పడుకున్నదే ఇప్పుడు.

పెద్దమ్మ చేసేదేముంది. రోజూలాగే పిల్లల మధ్య ఓ చుట్టు తిరిగి వచ్చింది. వచ్చి చూసేసరికి సన్నగా గురక.

ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిల్లలకంటే బుద్ధిగా పడుకుంది పెద్దమ్మా. జోకొట్టి రానా?"

పెద్దమ్మకు నవ్వు రాలేదు. ఏమీ చూడని మనిషి ఏం రాస్తుంది? గాలివాటుగా తోచినన్ని మార్కులు పడేసి పోతుంది. మునిగేది తన బతుకు. గోడ గడియారం చూసి ఆవిడ నిద్రపోయిన వేళ, లేచిన వేళ చీటీ మీద రాసుకుంది. నలభై నిమిషాలు.

లేచాక ఆవిడ చాప తానే చుట్టిపెట్టి గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఏదో చెప్పబోయింది.

"నిద్ర సరిపోయిందా అండీ?" అంది పెద్దమ్మ.

ఎత్తిపొడుపని తెలిసిందో లేదో, సరిపోయిందని చెప్పి తల వంచుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే పెద్దమ్మ పై ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. తప్పు చేస్తున్నాననుకోలేదు. ఇల్లు అంటుకుంటుంటే చూస్తూ కూర్చునేదెవరు?

నెల తిరక్కుండానే ఇంకో అధికారి బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చాడు. రిజిస్టర్లు తిరగేశాడు. సంతకాలు సరిచూశాడు. పిల్లల గదిలోకి తొంగి కూడా చూడలేదు. ఇరవై నిమిషాల్లో నూటికి తొంభై వేశాడు.

పెద్దమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరటలో, ముందు వచ్చినావిడ ఏమయ్యారని మాటవరసకు అడిగింది.

సంజాయిషీ అడిగితే, నిద్రపోయిన మాట నిజమేనని ఒక్క ముక్క రాసిచ్చిందట. ఉద్యోగం పోయిందట. ఆవిడ నివేదిక ఇక చెల్లదు గనుక చించి పారేయమంటూ ఒక కాగితం బల్ల మీద పడేసి వెళ్లాడు.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

'రిజిస్టర్లు ఎక్కడైనా బాగానే ఉంటాయి. పిల్లలతోపాటు పడుకుని చూడటం నా పద్ధతి. కొన్నిచోట్ల అడుగుల చప్పుడు వినగానే పిల్లలు కళ్లు గట్టిగా మూసుకుంటారు. ఇక్కడ పెద్దమ్మ అడుగులు వినిపిస్తే, మూసుకున్న కళ్లు తెరిచి నవ్వారు. ఆమె ఎవరినీ కసరలేదు. ఒకడి వీపు నిమిరింది. ఒకతె తన వేలు పట్టుకుంటే ఆ పిల్ల నిద్రపోయేదాకా వెనక్కి లాక్కోలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకు ఎక్కడా కన్ను మూతపడలేదు. ఇక్కడ పడింది. నిద్రలో ఎవరో నాకు దుప్పటి కప్పారు. చూస్తే మూడేళ్ల పిల్ల. ఎవరిని చూసి నేర్చుకుందో వేరే చెప్పనక్కర్లేదు. నూటికి నూరు.'

పెద్దమ్మ తలెత్తి గోడ గడియారం వైపు చూసింది. ఆ పిల్ల దుప్పటి కప్పుతున్నప్పుడు తాను గడియారం చూస్తోంది.

వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసింది. గుమాస్తా పలికాడు. ఆవిడను ఒక్కసారి చూడాలి, ఇల్లెక్కడో చెప్పమని బతిమాలింది. ఉన్న అద్దె గది ఖాళీ చేసి వెళ్లిపోయిందనీ, ఎక్కడికో ఎవరికీ తెలియదనీ అతను చెప్పాడు.

"వాళ్లవాళ్లెవరైనా ఉంటారుగా బాబూ. అక్కో, చెల్లెలో."

"ఎవరూ లేరమ్మా. ఆవిడ అనాథాశ్రమంలో పెరిగిన మనిషి. అక్కడ దెబ్బలకు భయపడి చిన్నప్పుడు దొంగనిద్ర అలవాటైందనీ, ఇంత వయసొచ్చినా అసలు నిద్ర ఎలా ఉంటుందో ఎరగననీ మాతో నవ్వుతూ చెప్పేవారు."