సారు ఏరిన రాయి

“సంతకం పెట్టను సారూ. ఎన్నిసార్లు తిరిగినా నాది అదే మాట,” అన్నాడు పెద్ద ఈరన్న, తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుంటూ.

గ్యాస్ పైపులైను కంపెనీ ఆఫీసరు రాఘవేంద్రప్రసాద్ చేను గట్టు మీద నిలబడి ఓపిగ్గా నవ్వాడు. “భూమి నీదే, పట్టా నీదే ఈరన్నా. అడుగున పైపు పోతాది, పైన నువ్వు పంట పెట్టుకో. పరిహారం బ్యాంకులో పడతాది. ఇంగేం కావాల?”

“చెట్లు పెట్టుకోవచ్చా?”

“చెట్లు మాత్రం కుదరదు. వేర్లు పైపును పట్టుకుంటాయి.”

అదిగో, అక్కడే ఈరన్నకు కాలుతుంది. ఎన్నాళ్ళకో బోరులో నీళ్ళు పడ్డాయి. చీనీ, అదే బత్తాయి తోట పెడదామని నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి పాక నీడన దించుకున్నాడు. ఈ పైపేమో సరిగ్గా చేను నడుమ పోతుందట. నడుమ వాళ్ళకిస్తే ఇక తోటెక్కడ?

“నా చేన్లోనే ఎందుకు పోవాల? పక్కన కంబన్న చేను ల్యాదా?”

“మ్యాపులో అట్ల వచ్చిందప్పా.”

“మ్యాపు గీసింది మనిషే గదా.”

ఈరన్నది మామూలు అనుమానం కాదు. గుళ్ళో దండం పెడుతూ కూడా ఒక కన్ను బయట విడిచిన చెప్పుల మీదే ఉంచే రకం. జీపులో వచ్చి నవ్వుతూ మాట్లాడేవాణ్ణి నమ్ముతాడా?

“సరేలే, నీ ఇష్టం,” అని ఆఫీసరు చేనులోకి దిగి నాలుగడుగులు వేశాడు. బూటు లేసు కట్టుకోడానికన్నట్టు వంగాడు. లేసు బాగానే ఉంది. అతని వేళ్ళు మాత్రం మట్టిలోంచి ఏదో తీశాయి. ఒక కన్ను మూసి, దాన్ని ఎండకు పట్టి చూశాడు. తళుక్కుమంది. అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు.

ఈరన్న కళ్ళు ఆ జేబు మీదే నిలిచాయి. తొలకరి పడి వారం కాలేదు. కర్నూలు పక్క తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేలల్లో నడుములు వంచి వజ్రాలు వెతుకుతారు. వాన మన్నును కడిగితే రాళ్ళు పైకి తేలతాయి. ఎవరికో దొరికిందని ఏటా వినడమే గానీ ఈరన్నకు ఏనాడూ గాజుముక్క కూడా దొరకలేదు.

“ఏం సారూ, జేబులో ఏమేసుకుంటివి?”

“ఏం ల్యా. కర్చీఫు.”

ఓహో, ఇదా సంగతి. నా చేనే ఎందుకు కావాల్సొచ్చిందో ఇప్పుడు తెలిసింది, అనుకున్నాడు ఈరన్న.

“పైపుకు ఎంత లోతు తవ్వుతారు?”

“మనిషి లోతు. నువ్వు వద్దంటివి గదప్పా, కంబన్న చేన్లోకి మారుస్తాంలే.”

“రొంత ఉండు. తవ్విన మట్టి యాడికి పోతాది?”

ఆఫీసరు చూపు తిప్పుకున్నాడు. “అది... కంపెనీ లారీల్లో పోతాది.”

“మట్టి నాది. ఒక్క తట్ట బయటికి పోగూడదు. అట్ల రాసిస్తే సంతకం పెడతా.”

“పైవాళ్ళు ఒప్పుకోరప్పా.”

“ఎందుకు ఒప్పుకోరు? మట్టిలో ఏముండాది?”

ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. పక్కకు పోయి కర్నూలుకు ఫోన్ చేశాడు. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. “నీతో గెలవలేం ఈరన్నా,” అని కాగితం మీద ఆ ముక్క రాసిచ్చాడు. ఈరన్న దాన్ని రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాడు. ఎందుకైనా మంచిదని వేలిముద్ర కూడా వేశాడు.

జీపు దగ్గరికి ఆఫీసరు నడుస్తుంటే, మొక్కలకు నీళ్ళు పోస్తున్న ఈరన్న భార్య గిడ్డమ్మ చెంబుతోనే వచ్చింది. “సంతకం పెట్టేసినావా? మల్ల చీనీ మొక్కలు యాడ పెట్టేది?”

“చీనీ ఎవరిక్కావాలమ్మే? వాళ్ళ మిషన్లతోనే మన చేను తవ్విస్తాండా. మట్టంతా మనదే. నా దగ్గరా వాళ్ళ దొంగాటలు?”

గిడ్డమ్మకు ఏడుపొచ్చింది. వెనక్కి పోయి, చెంబులో మిగిలిన నీళ్ళు చివరి మొక్కకు పోసింది.

జీపు కదిలాక కొత్త డ్రైవరు అక్రమ్ అడిగాడు. “మట్టంతా ఆయనకే రాసిచ్చినారా సార్?”

“పైపు దించినాక పూడ్చేది ఆ మట్టితోనే గదప్పా. మనమేం చేసుకుంటాం?”

రాఘవేంద్రప్రసాద్ జేబులోంచి రాయి తీసి, కర్చీఫుతో శుభ్రంగా తుడిచి ముందర పెట్టాడు. ఉత్త గాజురాయి. అక్రమ్ దాన్ని తీసి కిటికీలోంచి విసరబోయాడు.

“పారేయొద్దప్పా,” అన్నాడు ఆఫీసరు. “రేపు పొద్దున అది ఇంకో ఊర్లో దొరకాల.”