రాయకపోయినా ఫరవాలేదు

బోనస్ ప్రశ్న జోలికి పోవద్దని ట్యూషన్ మేష్టారు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "రాయకపోయినా ఫరవాలేదని వాళ్ళే అంటుంటే మీకెందుకర్రా దురద? ఉన్నవాటి సంగతి చూడండి" అన్నాడు. పిల్లలందరూ బుద్ధిగా తలూపారు. పిచిక కూడా ఊపింది కానీ, అది అలవాటు కొద్దీ.

పిచిక అసలు పేరు వేరు. ఒకచోట నిలవదని పిన్ని పెట్టిన ముద్దుపేరది. ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశపరీక్షలో అన్నీ రాసేశాక ఆ పిల్లకు ఇంకా సమయం మిగిలింది. చెయ్యి ఊరుకుంటుందా? బోనస్ ప్రశ్న మీద పడింది.

ఎత్తులో ఒక ట్యాంకు. దాన్నుంచి దిగే గొట్టం ఒక్కటే. దానికి పైన ఒక కుళాయి, కింద ఒక కుళాయి. కింద తిప్పితే పైన నీళ్ళు రావడం లేదు. కొత్త గొట్టం వేయకుండా, మోటారు పెట్టకుండా రెండుచోట్లా నీళ్ళొచ్చే ఉపాయం చెప్పండి. ప్రశ్న అంతే.

పిచిక జవాబు రాసేసి, ఇంటికొచ్చి ఆ సంగతే మరిచిపోయింది.

తీరా ఫలితాలొచ్చాక, మిగిలిన ఒక్క సీటుకూ ఇద్దరు తేలారు. సరిసమానంగా మార్కులొచ్చిన పిచికా, మెరిసే బూట్ల కుర్రాడొకడూ. కుర్రాడు బోనస్ ముట్టుకోలేదు. పిచిక జవాబు నిలబడితే సీటు ఆమెది. నిలబడకపోతే చీటీలు వేస్తారు. ఆ సంగతి తేల్చడానికి, ప్రశ్న తయారుచేసిన ప్రిన్సిపాలే స్వయంగా రమ్మని కబురు పెట్టాడు.

పిన్ని కుట్టుమిషను ఆపి, మెడలో టేపు అయినా తియ్యకుండా వెంట పరుగెత్తింది.

"కింది కుళాయికి పోయే వాల్వు సగం మూయాలని రాశావు. అంతేనా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"అంతేనండీ. నీళ్ళన్నీ కిందికే జారిపోకుండా ఆపితే పైన ఒత్తిడి నిలుస్తుంది."

బల్ల మీద ఫోను మోగింది. ఆయన చటుక్కున లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "పెద్దాయన బాగా కోపంగా ఉన్నారా? వచ్చి కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. ఆ పనిమీదే ఉన్నాను. అమ్మాయి ఎదురుగానే ఉంది."

పిచిక పిన్ని వైపు తిరిగింది.

"సిఫారసు" అని పిన్ని చెవిలో గొణిగింది. "ఆ బూట్ల వాడి తాలూకు మంత్రెవరో అయ్యుంటాడు. మన పని గోవిందా."

పిచికకు ఒళ్ళు మండింది. మంత్రి కాదు, మంత్రి తాత దిగొచ్చినా సరే, తన సీటు తనకు కావాలి.

ప్రిన్సిపాల్ చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. "సగమంటే సరిగ్గా సగమా?"

"పైన ధార మొదలయ్యేదాకా మెల్లగా తిప్పుకుంటూ పోవాలండీ."

"స్పానరు కావాలా?"

"చెయ్యి చాలండీ."

"ఆడవాళ్ళు తిప్పగలరా?"

ఇక పిచిక ఆగలేదు. "ఆడవాళ్ళు వాల్వులేమిటండీ, కాలేజీలే తిప్పగలరు."

"నోరు ముయ్యవే" అని పిన్ని జబ్బ గిల్లింది. అయిపోయింది, నోటిదురుసు కొంప ముంచింది అనుకుంది.

ప్రిన్సిపాల్ మాత్రం పకపకా నవ్వాడు. కాగితం మీద గబగబా సంతకం గీకి పిచిక చేతిలో పెట్టాడు. "సీటు నీదేనమ్మా. వెళ్ళు, వెళ్ళు, నాకవతల తొందరగా ఉంది."

వరండాలో పిన్నీ పిచికా ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని గిరగిరా తిరిగారు. టేపు ఇద్దరికీ చుట్టుకుంది. ఎంత పెద్ద మంత్రినో కాదని తమకు న్యాయం చేసిన మహానుభావుడు కదా అని పిన్నికి కళ్ళు చెమర్చాయి. ఒక్క దండమైనా పెట్టకపోతే బాగోదని పిచికను లాక్కుంటూ వెనక్కి వెళ్ళి, తలుపు కొంచెం తోసింది.

లోపల ప్రిన్సిపాల్ ఫోనులో అరుస్తున్నాడు: "ఏమోయ్, కింది వాటావాళ్ళ కుళాయికి పోయే వాల్వు నువ్వే చేత్తో సగం మూసేసి, మేడమీద ఒంటినిండా సబ్బుతో నిలబడ్డ మీ నాన్నగారిని ఇప్పుడు షవరు తిప్పి చూడమను."