మిగిలిన రాయి

క్వారీ గుంతలో తొమ్మిది తూటాలకు వత్తులు ముట్టించి నా కోడలు సుగుణ పైకొచ్చింది. ఈ రోజుల్లో అందరి చెవి వెనకా మతిబిళ్ళ ఉంటుంది. కాసేపు మనసులో ఉంచుకోవలసినవన్నీ, పేలుళ్ళ లెక్కతో సహా, అదే ఉంచుకుంటుంది. మెదడు ఎలా పట్టి ఉంచుతుందో చూసి అలాగే చేశారట. నాకు మాత్రం గుప్పిట్లో తొమ్మిది గులకరాళ్ళు. ఒక్కో పేలుడికి ఒకటి కింద పడేస్తాను. పేలని తూటా ఉండగా గుంతలో దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కరు.

పేలుళ్ళు ఆగి దుమ్ము అణిగింది.

"తొమ్మిదీ అయినయ్. పదండి," అంది సుగుణ కూలీలతో.

నా గుప్పిట్లో ఒక రాయి మిగిలింది.

"ఆగమ్మా. ఎనిమిదే."

"ఇంతమంది బిళ్ళలూ తొమ్మిదంటన్నయి మామా. నీ చెవులకే ముసలితనం."

"ఒకటి కొండ తిరిగి పలికిన మోత."

"బిళ్ళకి ఆ మాత్రం తెలవదా?"

"తొమ్మిదో దాని కోసం కాసుకుని కూర్చుంటే దేన్నయినా తొమ్మిదోదనే అనుకుంటాం. అదీ అంతే."

ఆమె గడ్డపార భుజాన పెట్టుకుంది. నేను వెళ్ళి దిగే బాటకి అడ్డంగా పడుకున్నాను. ఒక పక్క బండ, ఒక పక్క లోయ.

"లే మామా. పెద్దోణ్ణి దాటిస్తావా నా చేత?"

"దాటు."

వెనక ఎవరో నవ్వారు. ఆమె కాలు ఎత్తింది. మళ్ళీ దించింది.

నా వీపు కింద నేల అదిరింది. గుంతలోంచి లేచిన రాళ్ళు బాట చివర కురిశాయి.

"పది అంటంది బిళ్ళ," అంది సుగుణ. నా పక్కన కూలబడి, నా గుప్పిట విప్పి, ఆ రాయి తీసి కింద పెట్టింది.