హోమ్ దొంగ

“సార్, ఆట ఆపేయండి సార్! ఏమీ కనిపించట్లేదు!” హోమ్ ప్లేట్ వెనక బంతి పట్టడానికి కూర్చున్న హరిచందన అరిచింది.

“ఆపితే మళ్లీ మొదట్నుంచి ఆడాలమ్మా. ఇంకొక్కళ్లు ఔటైతే మీరే గెలిచినట్టు. ఆడతావా, ఆపమంటావా?” అన్నారు అంపైర్ గున్నేశ్వరరావు గారు.

ఆమె నోరు మూసుకుంది. మళ్లీ మొదట్నుంచా? వద్దు బాబోయ్! ఈ బేస్‌బాల్ ఆటలో వాళ్ల కొవ్వూరు జట్టు ఒక్క పరుగు ముందుంది. ఈ ఔటు దొరికితే రాష్ట్ర పోటీలకు వెళ్లేది వాళ్లే. చచ్చీ చెడీ ఇక్కడిదాకా లాక్కొచ్చారు మరి.

కానీ పాడు మంచు! గోదావరి మీంచి లేచి, చూస్తుండగానే గ్రౌండంతా కమ్మేసింది. బంతి విసిరే సూర్యకళ మసగ్గా ఆనుతోంది గానీ, మూడో బేస్ వైపు అంతా తెల్లగా గోడ కట్టినట్టుంది. హోమ్ ప్లేట్ చేరే ముందు ఆఖరి మజిలీ అదే. అక్కడ నిలబడింది ఎదుటి జట్టు, రావులపాలెం పిల్ల నాగదుర్గ. హరిచందనకు స్వయానా మేనత్త కూతురు, ఒట్టి గడుగ్గాయి. సూర్యకళ బంతి విసిరే సందులో పరుగు లంకించుకుని హోమ్ ప్లేట్ తాకేసిందంటే, బ్యాట్‌కు బంతి తగలకపోయినా పరుగు పరుగే. హోమ్ దొంగిలించడమంటే అదే. ఆ దొంగతనంలో నాగదుర్గది అందె వేసిన చెయ్యి.

కళ్లు పనిచెయ్యనప్పుడు ఇక చెవులే దిక్కు. హరిచందనకు ఓ ఉపాయం తట్టింది.

“వదినా! ఉన్నావా?”

“ఎక్కడికి పోతానే మరదలా? ఇక్కడే ఉన్నా!” మంచులోంచి నవ్వుతూ జవాబొచ్చింది.

సూర్యకళ బంతి విసిరింది. బ్యాట్ బంతికి తగలకుండా గాలిలో తిరిగింది. స్ట్రైక్.

“వదినా! భయమేస్తోందా?”

“నీకే వేస్తున్నట్టుంది. గొంతు వణుకుతోంది!”

నిజమే, వణుకుతోంది. చలికేలే అనుకుంది హరిచందన.

“వదినా!”

జవాబు లేదు.

“వదినా! పలకవేంటి?”

ఊహూఁ. బయల్దేరిందన్నమాట, దొంగమొహం! హరిచందన ఒళ్లంతా చెవులు చేసుకుంది. తడి గడ్డి మీద అడుగుల చప్పుడు దగ్గరకొస్తోంది. రొప్పు లేదు, ఆయాసం లేదు, ఒట్టి అడుగులే.

“వెయ్యవే సూర్యకళా, వెయ్!”

బంతి వచ్చి గ్లవ్‌లో పడింది. బ్యాట్ పట్టుకున్న పిల్ల ఏం చూసిందో గానీ, కెవ్వుమని పక్కకు గెంతింది. మంచులోంచి ఓ ఆకారం నేలబారున జారుతూ దూసుకొచ్చింది. హరిచందన కళ్లు గట్టిగా మూసుకుని, బంతి ఉన్న గ్లవ్‌తో దాని కాలు అదిమేసింది. అబ్బ, ఎంత చల్లగా ఉందో! ఆ చల్లదనం తోలు గ్లవ్‌లోంచి కూడా జివ్వున వేళ్లకెక్కింది.

“ఔట్!” గున్నేశ్వరరావు గారు చెయ్యెత్తారు. “కాలు ప్లేట్‌కు తగలకముందే బంతి తాకించావు. ఔట్!”

కొవ్వూరు పిల్లలు ఈలలు, కేకలతో వెళ్లి సూర్యకళను ఎత్తేసుకున్నారు. హరిచందనకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. గెలిచాం! పాపం, వదిన ఇంకా బురదలో బోర్లా పడే ఉంది. జాలేసింది.

“లే వదినా, ఏమీ అనుకోకు,” అంటూ చెయ్యి అందించింది.

మంచుగడ్డల్లాంటి వేళ్లు ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడు మూడో బేస్ వైపు నుంచి నాగదుర్గ గొంతు వినిపించింది.

“మరదలా! పలకొద్దని మా కోచ్ అంటే ఊరుకున్నాను గానీ, ఏంటా గోల? ఔటైందెవరే? నేనింకా బేస్ మీదే ఉన్నా!”