ఇంగా పెద్దమ్మ ప్రార్థన

మినియాపొలిస్‌లోని దేవుడొక్కడేనని నమ్మే మా యూనిటేరియన్ చర్చిలో అందరం చదివే ప్రతిజ్ఞలోంచి దేవుణ్ణి తీసేసి మనిషిని పెట్టాలని పాస్టర్ హాల్వర్ అడిగినప్పుడు, అందరికంటే ముందు సరేనని చెయ్యెత్తింది ఇంగా పెద్దమ్మే. ఆ తర్వాత పదిహేనేళ్లు మేం ప్రార్థన మానేసి ఉపన్యాసాలు విన్నాం.

ఇప్పుడు పెద్దమ్మ చావుబతుకుల్లో ఉంది. పాస్టర్ ఆమె మంచం పక్కన కూర్చుని, మానవ ప్రగతి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ పాత ప్రార్థన చెప్పండి, అయ్యగారూ," అంది పెద్దమ్మ.

ఆయన తెల్లబోయాడు. "మీరు కూడా భయపడుతున్నారా, అమ్మా?"

"నాకేం భయం? మీ చేతులే వణికిపోతున్నాయి, చూడలేకపోతున్నాను."

పాస్టర్ కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. సగంలోనే మరిచిపోయాడు. మిగతాదంతా పెద్దమ్మే ఒక్కో మాటా అందించింది, ఆయన చేతులు కుదుటపడేదాకా.