వదిలేసిన వచనం

మావారు పాస్టరు. ఆదివారం చెప్పబోయే ప్రసంగాన్ని శనివారమే నాకు వినిపిస్తారు. ఐదో తరగతితో చదువు ఆపేసిన నాకు అర్థమైతే మందిరమంతటికీ అర్థమైనట్టేనట.

మా పాప పోయాక ఇదే మొదటి ప్రసంగం. చనిపోయిన చిన్నపిల్లను యేసు చెయ్యి పట్టుకుని లేపిన ఘట్టం ఎంచుకున్నారు. కూరగాయలు తరుగుతూ విన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఆయన కూడా వాతావరణ వార్తలు చదివినట్టు చదివేశారు.

"అర్థమైందా?"

"అయింది. కానీ ఒక మాట వదిలేశారండీ."

"ఏంటది?"

"పిల్ల లేచాక, తినడానికేమైనా పెట్టండి అన్నాడు కదా ప్రభువు."

"అబ్బో, పాస్టరుకే పాఠమా! అంత చిన్న మాట వదిలేస్తే ఏం పోతుంది?"

ఈయన మనసు రాయి అయిపోయింది అనుకున్నాను. బైబిలు తీసి, ఆ వచనం కింద వేలు పెట్టి చూపించాను. ఆయన చూడలేదు.

"ఆపరేషన్‌కి ముందు పాపకి ఏమీ పెట్టొద్దన్నారుగా డాక్టర్లు. నువ్వు మందులు తేవడానికెళ్ళినప్పుడు, 'ఆకలేస్తోంది నాన్నా' అంది. లేచాక పెడతాలేమ్మా అన్నాను."

బైబిలును నా వైపు జరిపారు.

"ఆ ఒక్క మాట నా నోట రాదు. రేపు నువ్వు చదువుతావా?"

మందిరంలో నేనెప్పుడూ నోరు విప్పింది లేదు. చేతులు తుడుచుకుని, ఆ వచనాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివాను. మధ్యలో తడబడ్డాను.

మళ్ళీ మొదటి నుంచి చదివాను.